పెరటికి సీసీ కెమెరా: అంగడికి పోయేముందు ఒక రాత్రి ఇంటెనక తిరిగి రండి

మా ఇంటి వెనక బోరు మోటారుకు పోయే కేబుల్‌ను ఒక రాత్రి ఎవరో కోసుకుపోయారు. అప్పటికి పెరట్లో కెమెరా పెట్టి ఏడు నెలలు. తెల్లారి నేనూ మా బామ్మర్దీ టీవీ ముందు కూర్చుని రికార్డింగ్ వెనక్కి తిప్పాం. రెండూ నలభైకి మనిషి దొరికాడు. దొరికాడంటే, తలకు చుట్టుకున్న తువ్వాలు దొరికింది. కెమెరా ఉన్నది మిద్దె పిట్టగోడకు, పదిహేను అడుగుల ఎత్తులో. అక్కణ్ణుంచి చూస్తే ఎవరిదైనా నడినెత్తే కనిపిస్తుంది. "తువ్వాలు మాత్రం బలే క్లియర్‌గా ఉండాది బావా" అన్నాడు వాడు.

అంగట్లో నేనడిగింది ఒకే ఒక్క ప్రశ్న: ఎన్ని మెగాపిక్సెల్? అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎక్కడ బిగించాలి, రాత్రి అక్కడ వెలుతురెంత, వైరు ఏ దారిన పోవాలి, కరెంటు పోతే ఏంటి. ఈ నాలుగూ తేలితే కెమెరాను ఎంచుకోవడం పది నిమిషాల పని. అందుకే కెమెరా సంగతి కాసేపాగి చెప్తాను.

1. రాత్రి తొమ్మిది దాటాక పెరట్లోకి వెళ్లండి

కాగితం, పెన్ను, కొలిచే టేపు పట్టుకుని వెళ్లి లైట్లన్నీ ఆర్పేయండి. కాంపౌండ్ గోడ, సంపు, మోటారు, బట్టల దండెం, బాత్రూం, సిలిండరు పెట్టే చోటు, కొబ్బరి మాను, అన్నీ గీసుకోండి. తర్వాత గోడ దూకేవాడి కళ్లతో చూడండి. తిరుపతి కొత్త లేఅవుట్లలో ఇంటికీ గోడకూ మధ్య మూడు నాలుగడుగుల సందు వదులుతారు, లోపలికొచ్చేవాడికి అదే రాచబాట. పక్కింటి మెట్లు మన గోడను ఆనుకుని ఉన్నాయా? వెనక ఖాళీ ప్లాటులో కంపచెట్లు పెరిగి మరుగు ఇస్తున్నాయా? గోడ మీదికి మామిడి కొమ్మ వాలిందా? చిత్తూరు పాత ఇళ్లలోనైతే దొడ్డివాకిలి గడియ బయటినుంచి చెయ్యి పెడితే అందుతుందేమో చూడండి. అందితే ముందు గడియ మార్పించండి, కెమెరా తర్వాత.

ఒక్కో దారికీ ఒక చుక్క పెట్టి, కెమెరా బిగించబోయే గోడ నుంచి ఆ చుక్క ఎన్ని అడుగుల దూరమో రాసుకోండి. ఏ లెన్సు కావాలో రేపు ఈ అంకే చెప్తుంది. మామూలు పెరటికి రెండు కెమెరాలు చాలు: ఒకటి సందు మొదలుకి, ఒకటి వెనక తలుపుకీ మోటారుకీ కలిపి. డీవీఆర్‌లో, అంటే బొమ్మలు రికార్డు చేసే పెట్టెలో, నాలుగు చానెళ్లున్నాయి కదా అని నాలుగూ నింపాలని లేదు.

2. మొహం కావాలా, కదలిక చాలా?

కెమెరాల పనితనానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఈసీ 62676-4. దాని 2014 కూర్పులో లెక్క సులువు. దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, పడితే అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. 125 పడితే తెలిసినవాడైతే గుర్తుపడతాం. కొత్త మనిషిని కూడా ఫలానా అని తేల్చాలంటే 250 కావాలి.

దీన్ని మన పెరటికి తెచ్చుకుందాం. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. అంగట్లో ఎక్కువగా ఇచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది. ఆ జోడీతో మొహం తేలేది పది అడుగుల లోపే. మీ గోడ పాతిక అడుగుల దూరంలో ఉంటే అక్కడ మీటరుకు నూరు పిక్సెళ్లు దాటి కొంచెం పడతాయి, అంటే మనకు తెలిసినవాడో కాదో కూడా గట్టిగా చెప్పలేం. సరే, 4 మెగాపిక్సెల్‌కు మారదామంటారా? పది అడుగులు కాస్తా పద్నాలుగు అవుతుంది, అంతే. అదే 2 మెగాపిక్సెల్ కెమెరాలో 6 మిల్లీమీటర్ల లెన్సు అడిగి తీసుకుంటే చూసే కోణం 50 డిగ్రీలకు తగ్గుతుంది, మొహం మాత్రం పాతిక అడుగుల దాకా దొరుకుతుంది. 3.6 లెన్సు మధ్యరకం, పదిహేను అడుగుల దాకా.

ఈ లెక్క ముందే తెలిసుంటే నేను మెగాపిక్సెళ్లకు పెట్టిన డబ్బు లెన్సుకు పెట్టేవాణ్ణి. పొడుగ్గా, సన్నగా ఉండే సందుకు 6 మిల్లీమీటర్లు, తలుపు ముందు వెడల్పు చోటుకు 2.8. ఇవి వెలుతురు బాగున్నప్పటి దూరాలని మాత్రం మరవకండి. రాత్రి మనిషి వేగంగా నడిస్తే బొమ్మ అలుక్కుపోతుంది, నాలుగో వంతు తగ్గించుకుని లెక్కేసుకోవడం మేలు.

ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులు. సన్‌షేడ్ కింద బిగిస్తే ఎండా వానా నేరుగా తగలవు. చేతికి అందుతుందని భయపడి మిద్దె మీదికి ఎక్కించకండి, మా తువ్వాలు కథ అక్కడే మొదలైంది. అందకుండా పైన ఒకటి పెట్టుకోవాలంటే పెట్టుకోండి, పెరడంతా చూసేందుకు. మొహం పట్టేది మాత్రం కిందే ఉండాలి.

3. వైరు

దారులు నాలుగు.

మొదటిది పాత పద్ధతి: డీవీఆర్, కోయాక్సియల్ కేబుల్. అంగళ్లలో దీన్ని త్రీ ప్లస్ వన్ అంటారు. ఒకే తొడుగులో బొమ్మ తీగా, 12 వోల్టుల కరెంటు తీగలూ ఉంటాయి. చవక, ఊళ్లో ఏ మెకానిక్కైనా తెలుసు. దీని జబ్బు ఒకటుంది. కేబుల్ పొడుగైతే చివరికి చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. పగలంతా కెమెరా చక్కగా పనిచేస్తుంది, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కరెంటు ఎక్కువ లాగి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. కెమెరా పాడైందని చాలామంది మారుస్తారు. పాడైంది కెమెరా కాదు, కేబులో అడాప్టరో చాలడం లేదు.

రెండోది ఐపీ కెమెరా, దాని రికార్డరు ఎన్‌వీఆర్. క్యాట్ 6 కేబుల్ ఒక్కటే పోతుంది, బొమ్మా కరెంటూ రెండూ అందులోనే. దీన్ని పీఓఈ అంటారు. 48 వోల్టుల దగ్గర పంపుతుంది కాబట్టి నూరు మీటర్ల దాకా దిగులు లేదు. ఖర్చు కొంచెం ఎక్కువే. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు నా ఓటు దీనికే, గోడలు పూయకముందే పైపులు వేయించుకుంటే మరీ మంచిది. కెమెరా ఒక కంపెనీదీ ఎన్‌వీఆర్ ఇంకో కంపెనీదీ అయితే రెండింటి మీదా ఆన్‌విఫ్ అని ఉందో లేదో చూడండి. ఉంటేనే వాటికి మాట కలుస్తుంది.

మూడోది వైఫై. అద్దింట్లో ఉన్నవాళ్లకు ఇదే దిక్కు, తప్పు పట్టను. కానీ రౌటర్ ముందుగదిలో ఉంటుంది, కెమెరా రెండు గోడల అవతల. కొనేముందు ఫోన్ పట్టుకుని సరిగ్గా ఆ చోట నిలబడి, వెనక తలుపు మూసి ఒక వీడియో కాల్ మాట్లాడండి. మాట తెగితే కెమెరా కూడా తెగుతుంది. పాత రాతిగోడల ఇళ్లకు నేనైతే వైఫై చెప్పను. ఇంకో మాట: వైర్‌లెస్ అన్నా దానికీ కరెంటు వైరు కావాలి, ఆ ప్లగ్గు బయట ఉంటే పీకేయడం రెండు క్షణాల పని.

బ్యాటరీ, సోలార్ ప్లేటు, 4జీ సిమ్ముతో నడిచేవి నాలుగో రకం. మామిడి తోటకు, కరెంటు లేని షెడ్డుకు బాగుంటాయి. ఇవి బ్యాటరీ ఆదా కోసం ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి, ఒంటి వేడిని పసిగట్టే పీఐఆర్ సెన్సర్ తట్టి లేపితేనే రికార్డు చేస్తాయి. చుట్టూ ఉన్న గాలి కూడా ఒంటి వేడికి దగ్గరగా వచ్చినప్పుడు ఆ సెన్సర్‌కు తేడా సరిగ్గా తెలీదు. మన మే నెల ఎండ సంగతి మీకు చెప్పాలా? పెరటికి దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

ఏ కేబుల్ అయినా అసలు రాగిదే అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. గీరుతుంటే అంగడాయన మొహం మారితే మీకు జవాబు దొరికినట్టే.

బయట పోయే కేబుల్‌కు పీవీసీ పైపు తప్పనిసరి. కొండకింది ఊరు మనది, కోతులు వేలాడే తీగను వదలవు.

4. చీకటి, సాలీడు, సున్నం గోడ

మామూలు నైట్ విజన్ కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ బుడ్లు మన కంటికి కనపడని వెలుతురు చిమ్ముతాయి. బొమ్మ నలుపూ తెలుపూ. చొక్కా రంగు తెలీదు, బండి రంగు తెలీదు. కలర్ నైట్ అని అమ్మేవాటిలో చాలావాటికి తెల్లలైటు ఉంటుంది, మనిషి రాగానే వెలుగుతుంది. నాకు ఇదే నచ్చింది. వచ్చినవాడికి తనను చూశారని తెలుస్తుంది, తెలిస్తే చాలాసార్లు వెనక్కి పోతాడు. అంతకన్నా చవకైన ఉపాయం వెనక తలుపు మీద రాత్రంతా వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. పన్నెండు గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్లు దాటి కొంచెం. ఈ బల్బు లేకుండా ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా సగం పనే.

ఇన్‌ఫ్రారెడ్‌తో రెండు తలనొప్పులు. పురుగులు ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి, వాటికోసం సాలీడు వస్తుంది, సరిగ్గా లెన్సు ముందు గూడు కడుతుంది. పగలు ఆ దారం కంటికి కూడా ఆనదు. రాత్రి దాని మీద ఇన్‌ఫ్రారెడ్ పడి తెర మొత్తం తెల్లటి పొగలా ఊగుతుంటుంది. మా ఇంట్లో మొదటిసారి చూసి మా అవ్వ దయ్యమనుకుంది, దిష్టి కూడా తీసింది. పదిహేను రోజులకోసారి పొడుగాటి కర్రకు మెత్తటి గుడ్డ కట్టి తుడవాలి, వేరే మందు లేదు. రెండో తలనొప్పి సున్నం గోడ. కెమెరా పక్కనే తెల్లగోడ దృశ్యంలో పడితే వెలుతురంతా దానిమీదే కొట్టి వెనక్కి వస్తుంది, అవతలంతా కాటుక. కెమెరాను గోడ నుంచి కాస్త ముందుకు జరిపి, గోడ బొమ్మలో పడకుండా తిప్పండి.

గుండ్రటి డోమ్ రకం ఇంటి లోపలికి సరే. బయట దుమ్ముపడితే ఆ గాజు బుర్రలోనే ఇన్‌ఫ్రారెడ్ తిరుగుతుంది. పెరటికి గొట్టంలా ఉండే బుల్లెట్ రకం నయం. తిరిగే కెమెరాలు చూడ్డానికి ముచ్చటే, అటు తిరిగినప్పుడు ఇటు దొంగ వస్తాడు.

పెట్టె మీద ఐపీ66 గానీ ఐపీ67 గానీ ఉండాలి. మొదటి 6 దుమ్ముకు, రెండో అంకె నీళ్లకు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, తుపాను గాలికి వాన అడ్డంగా కొడుతుంది. కెమెరాకు వాన తట్టుకునే శక్తి ఉన్నా దాని తోకలో ఉండే కేబుల్ జాయింటుకు ఉండదు. ఆ జాయింటు గోడకు బిగించిన ప్లాస్టిక్ పెట్టెలోకి పోవాలి, కేబుల్ పెట్టెలోకి కిందినుంచి ఎక్కాలి. పైనుంచి దిగితే నీళ్లు తీగ పట్టుకుని లోపలికి జారతాయి. పనివాళ్లు టేపు చుట్టి సరే అంటారు, మీరు సరే అనకండి.

5. జంతువులు, చుట్టాలు

కదలిక అలర్ట్ అన్ని కెమెరాల్లోనూ ఉంటుంది. కొమ్మ ఊగినా, పిల్లి పోయినా, దండెం మీద చీర ఎగిరినా ఫోన్ మోగుతుంది. నాలుగో రోజు మీరే దాన్ని మూసేస్తారు. మనిషిని విడిగా గుర్తించే సౌకర్యం ఉన్నదే తీసుకోండి, తర్వాత తెరమీద వేలితో గీత గీసి ఆ గీత దాటితేనే మోగేలా పెట్టండి. గోడ లోపలివైపు ఒక గీత చాలు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లు వేళలు కూడా సరిచూసుకోవాలి. సుప్రభాత దర్శనానికి పోయే చుట్టాలు అర్ధరాత్రి స్నానాలకు లేస్తే ఇంటిల్లిపాదికీ అలారమే.

జీవకోన లాంటి కొండ అంచు కాలనీల్లో ఉన్నవాళ్లు మాత్రం జంతువుల అలర్ట్‌ను పూర్తిగా ఆపకండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత అటవీశాఖ దారి పొడుగునా ట్రాప్ కెమెరాలు పెట్టింది. యూనివర్సిటీ ప్రాంగణాల వైపు కూడా చిరుత జాడలు వార్తల్లో వచ్చాయి. తెల్లవారుజామున వెనక తలుపు తీసేముందు ఒకసారి ఫోన్‌లో చూసుకోవడం అక్కడివాళ్లకు అలవాటు కావాలి. పలమనేరు, కుప్పం వైపు తోటల్లో కాపురముండేవాళ్లకు ఏనుగుల భయం ఉండనే ఉంది.

6. రికార్డర్, డిస్కు, కరెంటు

2 మెగాపిక్సెల్ కెమెరా, వీడియోను కుదించే హెచ్ 265 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల లెక్కన రోజంతా రాస్తే దాదాపు 22 జీబీ. నాలుగు కెమెరాలకు రోజుకు 86. ఒక టీబీ డిస్కు పదకొండు రోజులకు నిండి పాతది చెరిపేస్తుంది, రెండు టీబీలైతే ఇరవై మూడు రోజులు. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉండి నెలకోసారి వాళ్ల దగ్గరికి పోయే పెద్దవాళ్లకు రెండు టీబీలే సరి. డిస్కు నిఘా పనికి చేసినదే కావాలి. కంప్యూటర్‌లో పీకిన పాత డిస్కు రాత్రింబవళ్లు రాసే పనికి తట్టుకోదు.

డీవీఆర్‌ను టీవీ కింద అందరికీ కనపడేలా పెట్టకండి, వచ్చినవాడు దాన్నే చంకన పెట్టుకుపోతాడు. తాళమున్న అలమరలో, గాలి ఆడేలా, నడుము ఎత్తున పెట్టండి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి గుర్తుందిగా, నేలమీద మాత్రం వద్దు.

డీవీఆర్, నాలుగు కెమెరాలు, రౌటర్ కలిపినా ఒక ఫ్యాన్ తినే కరెంటు కన్నా ఎక్కువేం కాదు. మూడింటినీ ఇన్వర్టర్ లైనుకు కలిపించండి. రౌటర్‌ను మరిచిపోతారు, కరెంటు పోగానే ఫోన్‌లో బొమ్మ మాయం. ఇల్లు చీకటైన ఆ అరగంటే మీకు కెమెరా కావాల్సిన సమయం. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, పొడుగాటి కేబుల్‌తో బయట వేలాడే ప్రతి కెమెరా పిడుగుకు ఒక దారే.

7. కొనేటప్పుడు

ఇప్పుడు అంగడికి పోవచ్చు. మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష నిబంధనలను కేంద్రం 2024 ఏప్రిల్‌లో ప్రకటించి, 2025 ఏప్రిల్ 9 నుంచి అమలులో పెట్టింది. దూరం నుంచి ఎవరూ కెమెరాలోకి చొరబడకుండా చూడటం వాటి ఉద్దేశం. కాబట్టి బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు పెట్టె మీదా కెమెరా మీదా చూడండి. పేరులేని చవక కెమెరా ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఎస్టిమేట్‌లో కెమెరాలు, డీవీఆర్, డిస్కు, కేబుల్ మీటర్లు, పైపు, పెట్టెలు, కూలి విడివిడిగా రాయించుకోండి. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో కూడా రాయించండి, లేకపోతే అందరికీ ఇచ్చే 2.8 వస్తుంది. జీఎస్టీ బిల్లు లేకుండా వారంటీ మాట నీటిమీద రాతే.

బిగించే రోజు మీరు ఇంట్లో ఉండండి. పనివాళ్లు తొందరలో తమ ఫోన్‌తోనే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, తర్వాత మీకు షేర్ చేస్తారు. అప్పుడు యజమాని ఖాతా వాళ్లది, మీరు అతిథి. మా చిన్నమ్మ ఇంట్లో ఇలాగే జరిగింది. బిగించినబ్బాయి పని మానేసి ఎటో వెళ్లిపోయాడు, ఖాతా విడిపించుకోవడానికి బిల్లు, సీరియల్ నంబరు ఫోటోలు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. మీ ఫోన్, మీ మెయిల్, మీరే టైపు చేసిన పాస్‌వర్డ్. అడ్మిన్ పాస్‌వర్డ్‌గా ఇంటి నంబరో ఫోన్ నంబరో పెట్టకండి.

8. ఇంట్లో ఆడవాళ్లనూ, పక్కింటివాళ్లనూ అడిగాకే

మన పెరడంటే ఉట్టి ఖాళీ స్థలం కాదు. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకునేది, గిన్నెలు తోముకునేది, చంటిపిల్లలకు నీళ్లు పోసేది అక్కడే. ఇంట్లోవాళ్లను అడగకుండా కెమెరా తిప్పితే పెరడే వాళ్లకు పరాయిదవుతుంది. కెమెరా ఇంటివైపు కాకుండా గోడవైపు చూడాలి. పక్కింటి బాత్రూం కిటికీయో మిద్దెనో బొమ్మలో పడితే సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, అంతవరకు నల్లగా కప్పేయవచ్చు. కప్పి ఊరుకోకండి. పక్కింటి అక్కను పిలిచి ఫోన్‌లో చూపించండి, ఆ తర్వాత గొడవే రాదు. స్త్రీల ఏకాంతాన్ని వాళ్లకు తెలియకుండా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మాటలు రికార్డయ్యే సౌకర్యం పెరట్లో ఆపేయడమే మర్యాద.

9. పరీక్ష

బిగించిన రాత్రే, పనివాళ్లకు మిగతా డబ్బు ఇవ్వకముందే, ఇంట్లో ఒకరిని తలకు తువ్వాలు చుట్టుకుని గోడ దగ్గర్నుంచి మోటారు దాకా గబగబా నడవమనండి. మీరు లోపల కూర్చుని లైవ్ కాకుండా రికార్డింగ్ చూడండి. మొహం దొరక్కపోతే కోణం మార్పించండి. మా ఇంట్లో రెండోసారి బిగించినప్పుడు నడిచింది బామ్మర్దే, మీసం వెంట్రుకలు లెక్కపెట్టేంత కాకపోయినా ఫలానా మనిషని తెలిసింది.

ఊరికి పోయేముందు ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ కూడా గుర్తుంచుకోండి. తాళం వేసిన ఇంటికి, కోరితే, పోలీసులే ఉచితంగా కెమెరా పెట్టే ఏర్పాటది. మీ స్టేషన్‌లో ప్రస్తుతం కెమెరా దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేసి, అదే రోజు ఆ ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి, పాతవి వాటంతటవే చెరిగిపోతుంటాయి. టీవీ తెరను ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం వేరు, డీవీఆర్ నుంచి దించిన అసలు ఫైలు వేరు. కోర్టు దాకా పోతే ఆ ఫైలుకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అందుకే డీవీఆర్‌ను కదిలించకుండా, ఫార్మాట్ చేయకుండా పోలీసులు చెప్పేదాకా ఉంచండి.

నెలకోసారి డీవీఆర్ గడియారాన్ని ఫోన్ టైముతో సరిచూడండి. లోపలి నాణెం బ్యాటరీ అయిపోతే కరెంటు పోయొచ్చినప్పుడల్లా తేదీ ఎక్కడికో పోతుంది, బాగున్నవి కూడా నెలల మీద నిమిషాలు తప్పుతాయి. సెట్టింగుల్లో ఎన్‌టీపీ ఆన్ చేస్తే ఇంటర్నెట్ నుంచి అదే సరిచేసుకుంటుంది. మాది పదిహేడు నిమిషాలు ముందుకు పోతోందని కేబుల్ పోయిన వారానికి గానీ నాకు తెలీలేదు. స్టేషన్‌లో నేను రాసిచ్చిన రెండూ నలభై నిజానికి రెండూ ఇరవై మూడు.